తొంభై కిలోమీటర్ల చరిత్ర

ఆ ఊళ్లో ఆటంటే గెలుపోటములొక్కటే కాదు. మైదానంలోకి ఎవరు రావచ్చు, ఎవరు కంచె అవతలే నిలబడాలి, ఎవరి జట్టుకి చప్పట్లు కొట్టాలి... అన్నీ అక్కడే తేలేవి. మన తాతముత్తాతల కాలంలో తెలుగువాళ్లు చెరకు తోటల్లో కూలికెళ్లి స్థిరపడిన డర్బన్ అది. అక్కణ్నుంచి గాంధీజీని రైల్లోంచి గెంటేసిన పీటర్‌మారిట్స్‌బర్గ్ దాకా వెళితే... దక్షిణాఫ్రికా చరిత్రంతా దారి పొడవునా కనిపిస్తుంది!

ఇంకా తెల్లవారదు. జూన్ నెల. మనకి తొలకరి రోజులు, వాళ్లకి చలికాలం. డర్బన్ సిటీహాల్ ముందు వీధిదీపాల వెలుగులో వేలమంది జనం. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, భారతీయ సంతతివాళ్లు, ఆడవాళ్లు, మగవాళ్లు, అరవై దాటినవాళ్లు... అందరి ఒంటిమీదా నిక్కర్లూ బనియన్లే. చలికి చేతులు రుద్దుకుంటూ ఉంటారు. అంతలో ‘షోషొలోజా’ పాట అందుకుంటారు. జింబాబ్వే నుంచి రైళ్లలో గనుల్లో పనికి వచ్చిన కూలీలు పాడుకున్న పాట అది. ఇప్పుడు దేశంలో ఏ ఆట జరిగినా వినిపిస్తుంది. పాట అయ్యాక మైకులో కోడి కూస్తుంది. నిజం కోడి కాదు. 1948లో మాక్స్ ట్రింబోర్న్ అనే పరుగువీరుడు వేళాకోళానికి కూసిన కూత జనానికి నచ్చి, ఆనవాయితీగా మిగిలిపోయింది. ఆ వెంటనే తుపాకీ మోగుతుంది. జనసముద్రం కదులుతుంది.

అదే కామ్రేడ్స్ మారథాన్. మామూలు మారథాన్ 42 కిలోమీటర్లయితే ఇది దాదాపు 90. ఒక ఏడాది డర్బన్ సముద్రతీరం నుంచి కొండలెక్కుతూ పీటర్‌మారిట్స్‌బర్గ్‌కి, మరో ఏడాది అక్కణ్నుంచి కిందికి. పన్నెండు గంటల్లో చేరాలి. అయితే పరుగు వెంట బయల్దేరే ముందు డర్బన్‌ని ఓసారి చూడాలి. ఎందుకంటే అసలు కథ అక్కడే మొదలవుతుంది.

వానలో నిలబడిన విజేత

హిందూ మహాసముద్రం ఒడ్డునే ఉంటుంది డర్బన్ కంట్రీ క్లబ్. పచ్చటి తివాచీ పరిచినట్టుండే గోల్ఫ్ కోర్సు. 1963లో ఇక్కడ నటాల్ ఓపెన్ టోర్నీ జరిగింది. తెల్లవాళ్లతో పోటీపడి గెలిచినవాడు పాప్వా స్యూగోలమ్. చెరకు తోటలకి కూలీలుగా వచ్చిన భారతీయ కుటుంబంలో పుట్టినవాడు. చదవడం, రాయడం రాదు. పక్కనే ఉన్న బీచ్‌వుడ్ కోర్సులో తెల్లదొరల గోల్ఫు కర్రలు మోస్తూ ఆట నేర్చుకున్నాడు. కర్ర పట్టుకునే తీరు కూడా అందరిలా ఉండదు. ఒక చెయ్యి పైన ఉండాల్సిన చోట మరో చెయ్యి! అలాగే ఆడి 1959, 1960ల్లో వరసగా డచ్ ఓపెన్ గెలిచాడు. 1964లో మూడోసారి కూడా.

సరే, సొంతూళ్లో గెలిచాడు కదా... కప్పు ఇవ్వాలి. బయట వాన. క్లబ్బు లోపలికి తెల్లవాళ్లు తప్ప మరొకరు అతిథిగా అడుగుపెట్టకూడదు. మిగతా ఆటగాళ్లంతా లోపల ఉంటే, విజేత మాత్రం వానలో నిలబడి కప్పు అందుకున్నాడు. ఆ ఫొటో ప్రపంచమంతా పాకింది. జాతివివక్ష అంటే ఏమిటో పుస్తకాలు చదవనివాళ్లకి కూడా ఒక్క చూపులో అర్థమయ్యేలా చేసింది. 1965లో పాప్వా మళ్లీ నటాల్ ఓపెన్ గెలిచాడు. ఈసారి ఓడించింది ఎవర్నో కాదు, ప్రపంచ ప్రఖ్యాత గోల్ఫర్ గ్యారీ ప్లేయర్‌ని! దాంతో ప్రభుత్వం అతణ్ని తెల్లవాళ్ల టోర్నీల్లో ఆడనివ్వలేదు. పాస్‌పోర్టు లాక్కుంది. విదేశాలకీ దారి మూసుకుపోయింది. 1978లో పేదరికంలోనే కన్నుమూశాడు. డర్బన్‌లోని రిజర్వాయర్ హిల్స్‌లో ఉన్న మున్సిపల్ గోల్ఫ్ కోర్సుకి ఇప్పుడు అతని పేరే ఉంది.

క్లబ్బు పక్కనున్న బీచ్‌కి కూడా ఇలాంటి కథే. ‘ఈ స్నానఘట్టం తెల్లజాతివారికి మాత్రమే’ అని ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్, జులూ... మూడు భాషల్లో రాసిన బోర్డులు 1989 దాకా ఉన్నాయి. సముద్రానికి కూడా రంగు పులిమారన్నమాట!

నైడూలు, రెడ్డీలు, రొట్టెలో కూర

ఊళ్లోకి వస్తే విక్టోరియా స్ట్రీట్ మార్కెట్. మసాలా ఘాటు ముక్కుకి తగులుతుంది. దుకాణాల బోర్డుల మీద నైడూ, రెడ్డి, పిళ్లె... 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ‘ట్రూరో’ ఓడ 342 మందిని ఇక్కడ దించింది. 1911 దాకా అలా వచ్చినవాళ్లు 1,52,000 మందికి పైనే. వాళ్లలో ఉత్తరాంధ్ర, గోదావరి, చిత్తూరు ప్రాంతాల తెలుగువాళ్లూ ఉన్నారు. నాయుడు కాస్తా తెల్లగుమాస్తా రాతలో నైడూ అయ్యాడు. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషే అయినా, రామభజనలు మాత్రం తెలుగులోనే సాగుతాయి.

డర్బన్ వెళ్లినవాళ్లు తప్పక రుచి చూసేది బన్నీ చౌ. రొట్టెని మధ్యలో తొలిచి, దాన్నిండా కారంగా కూర పోసి ఇస్తారు. ప్లేటూ అదే, భోజనమూ అదే. దీని పుట్టుక గురించి చెప్పుకునే కథల్లో ఒకటి గోల్ఫుకే ముడిపడి ఉంది. కర్రలు మోసే కుర్రాళ్లకి మధ్యాహ్నం తిండికి వెళ్లే తీరిక ఉండేది కాదు. మోర్నింగ్ షిఫ్టు, ఈవినింగ్ షిఫ్టు తేడా లేకుండా దొరల వెనకే నడవాలి. అందుకని గిన్నెల అవసరం లేకుండా రొట్టెలోనే కూర నింపి పంపేవారట!

మార్కెట్‌కి నడక దూరంలోనే కరీస్ ఫౌంటెన్ మైదానం. తెల్లవాళ్ల స్టేడియాల్లో చోటులేని భారతీయులు, నల్లవాళ్లు ఫుట్‌బాల్ ఆడుకున్నది ఇక్కడే. భారతీయుల ఫుట్‌బాల్ ఇక్కడ గాంధీజీ నాటిది. సత్యాగ్రహుల పేరుతో ఆయన ఫుట్‌బాల్ జట్లను ప్రోత్సహించారు. మ్యాచ్‌లకి వచ్చే జనానికి ఉద్యమం గురించి చెప్పొచ్చన్నది ఆయన ఆలోచన. ఆ సంప్రదాయం పోలేదు. 1974 సెప్టెంబరు 25న, పక్కదేశం మొజాంబిక్‌కి స్వాతంత్య్రం రాబోతున్న సందర్భంగా నిషేధాన్ని కాదని యువకులు సభకి పిలుపిచ్చింది కరీస్ ఫౌంటెన్‌లోనే. పోలీసులు కుక్కల్ని ఉసిగొల్పారు.

అంతకు ఏడాది ముందే డర్బన్‌లో ఒక క్రీడా సంఘం పుట్టింది. పేరు సాకోస్. ‘మామూలుగా లేని సమాజంలో మామూలు ఆటలు కుదరవు’ అన్నది వాళ్ల మాట. దేశంలో నల్లవాడికి ఓటు లేనప్పుడు, తెల్లజట్టులో ఒకరిద్దరికి చోటిచ్చి అంతా బాగుందని ప్రపంచానికి చూపించడం మోసమన్నారు. తమ పిల్లల అంతర్జాతీయ అవకాశాలు పోయినా సరేనని బహిష్కరణకే కట్టుబడ్డారు. ఇదే ఊళ్లో పుట్టిన వ్యాయామ ఉపాధ్యాయుడు శామ్ రామ్‌సామీ లండన్ వెళ్లి ఆ పోరాటాన్ని నడిపించారు. 1964 టోక్యో ఒలింపిక్స్‌కే దక్షిణాఫ్రికాని రానివ్వలేదు. 1970లో ఒలింపిక్ సంఘం నుంచే వెలేశారు. 1992 బార్సిలోనాలో ఆ దేశం మళ్లీ అడుగుపెట్టినప్పుడు జట్టు పెద్దగా వెళ్లింది రామ్‌సామీయే!

మన దేశం కూడా తక్కువ త్యాగం చెయ్యలేదు. 1974లో డేవిస్ కప్ ఫైనల్ చేరిన అమృత్‌రాజ్ సోదరుల జట్టు, ఎదురుగా దక్షిణాఫ్రికా ఉందని ఆడకుండానే కప్పు వదిలేసింది. మన టెన్నిస్‌కి ఆ కప్పు ఇప్పటికీ దక్కలేదు.

ఎవరికి చప్పట్లు?

కింగ్స్‌మీడ్ క్రికెట్ మైదానం పేరు వినగానే అభిమానులకి 1992 గుర్తొస్తుంది. ఆ నవంబరు 13న భారత జట్టు అక్కడ తొలి టెస్టు ఆడింది. కెప్టెన్ మన హైదరాబాదీ అజారుద్దీన్. తొలి టెస్టులోనే ప్రవీణ్ ఆమ్రే సెంచరీ చేశాడు. టీవీ అంపైర్ నిర్ణయంతో అవుటైన మొట్టమొదటి బ్యాట్స్‌మన్‌గా సచిన్ పేరు చరిత్రకెక్కిందీ అక్కడే. దక్షిణాఫ్రికా తరఫున నలభయ్యేళ్ల ఒమర్ హెన్రీ టెస్టుల్లోకి వచ్చాడు. తెల్లవాడు కాకపోవడం వల్ల వయసంతా కంచె అవతలే గడిచిపోయిన స్పిన్నర్ అతను.

ఆ రోజు స్టాండ్స్‌లో కూర్చున్న డర్బన్ భారతీయుల సంగతి ఆలోచించండి. ఎవరికి చప్పట్లు కొట్టాలి? పుట్టింది, పెరిగింది ఇక్కడ. కానీ అన్నేళ్లూ ఈ దేశపు జట్టు వాళ్లది కాదు. వివక్ష కాలంలో నల్లవాళ్లకి, భారతీయులకి మైదానంలో ఓ మూల కంచె కట్టి చోటిచ్చేవారు. ఆ మూల నుంచి కేకలన్నీ పరాయి జట్టుకే! సొంత దేశం ఓడితే సంబరపడటం తప్పా? వాళ్ల పెద్దలు దానికి ఒకటే జవాబు చెప్పేవారు... ముందు దేశం మాదని ఒప్పుకోనివ్వండి, తర్వాత జట్టు గురించి మాట్లాడదాం.

ఆ జవాబుకి బదులు రావడానికి ఒక తరం పట్టింది. డర్బన్‌లో చదువుకున్న హషీమ్ ఆమ్లా 2012లో ఓవల్‌లో అజేయంగా 311 పరుగులు చేశాడు. దక్షిణాఫ్రికా తరఫున తొలి ట్రిపుల్ సెంచరీ! మద్యం కంపెనీ గుర్తు తన చొక్కా మీద వేసుకోనని మతవిశ్వాసంతో అంటే బోర్డు ఒప్పుకుంది. 2025 జూన్‌లో లార్డ్స్‌లో ఆస్ట్రేలియాని ఓడించి ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్ గెలిచిన జట్టుకి నాయకుడు నల్లజాతికి చెందిన తెంబా బవూమా. గెలిచాక కన్నీళ్లు ఆపుకోలేకపోయిన స్పిన్నర్ కేశవ్ మహరాజ్ డర్బన్ కుర్రాడే.

చీపుళ్లు పట్టిన ఆడవాళ్లు

కింగ్స్‌మీడ్‌కి కాస్త ఉత్తరాన కింగ్స్ పార్క్ రగ్బీ స్టేడియం. దాని పక్కనే 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం కట్టిన మోజెస్ మభిదా స్టేడియం. దాని మీదుగా 106 మీటర్ల ఎత్తున వంపు తిరిగిన ఆర్చి ఊరంతటికీ కనిపిస్తుంది. పైదాకా వెళ్లి చూస్తే ఒకవైపు సముద్రం, మరోవైపు కొండలు.

కింగ్స్ పార్క్‌లో 1995 జూన్ 17న ప్రపంచకప్ సెమీఫైనల్. దక్షిణాఫ్రికా, ఫ్రాన్స్. కుండపోత వాన. మైదానం చెరువైంది. ఆట రద్దయితే ఫైనల్‌కి వెళ్లేది ఫ్రాన్సే. అప్పుడు చీపుళ్లు పట్టుకుని మైదానంలోకి వచ్చారు కొందరు నల్లజాతి ఆడవాళ్లు. నీళ్లు ఊడ్చారు. ఆట మొదలైంది. 19-15తో దక్షిణాఫ్రికా గెలిచింది. వారం తర్వాత జొహన్నెస్‌బర్గ్‌లో నెల్సన్ మండేలా ఆరో నంబరు చొక్కా వేసుకుని తెల్ల కెప్టెన్ పినార్‌కి కప్పు అందించిన దృశ్యం లోకమంతా చూసింది. సినిమా కూడా వచ్చింది. కానీ ఆ జట్టులో తెల్లవాడు కానివాడు ఒక్కడే, చెస్టర్ విలియమ్స్. చీపుళ్లు పట్టిన ఆడవాళ్ల పేర్లయితే ఏ స్కోరుబోర్డు మీదా లేవు.

జట్టు రంగు మారడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 2018లో సియా కొలిసి తొలి నల్లజాతి టెస్టు కెప్టెన్ అయ్యాడు. అతని నాయకత్వంలో 2019లోనూ, 2023లోనూ ప్రపంచకప్ వచ్చింది.

ఇదే ఆవరణలోని అథ్లెటిక్స్ స్టేడియంలో 2016లో ఆఫ్రికా ఛాంపియన్‌షిప్ జరిగితే, 800 మీటర్లు, 1500 మీటర్లు, రిలే... మూడింట్లోనూ కాస్టర్ సెమెన్యా బంగారమే సాధించింది. లింపోపో పల్లెటూరి పిల్ల. 2009లో పద్దెనిమిదేళ్లకి ప్రపంచ విజేత అయిననాడే ‘ఈమె ఆడదేనా?’ అని పరీక్షలు మొదలుపెట్టారు. పుట్టుకతో వచ్చిన హార్మోన్లని మందులతో తగ్గించుకుంటేనే పోటీకి రానిస్తామన్నారు. కాదంది. కోర్టుల చుట్టూ తిరిగింది. స్విట్జర్లాండ్ కోర్టులో ఆమెకి న్యాయమైన విచారణ దక్కలేదని 2025 జూలైలో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం చెప్పింది. అప్పటికి పరుగెత్తే వయసు దాటిపోయింది. మన హైదరాబాద్‌లో శిక్షణ పొందిన ఒడిశా స్ప్రింటర్ ద్యుతీ చంద్‌కీ 2014లో ఇదే అవమానం. ఆమె కూడా పోరాడింది, 2015లో గెలిచింది.

కొండ మీద పేర్ల గోడ

ఇక దారి పడదాం. ఊరు దాటగానే కౌవీస్ హిల్, ఫీల్డ్స్ హిల్, బోథాస్ హిల్... వరస కొండలు. కింద లోయలో ఎటు చూసినా గుట్టలే. అందుకే ‘వెయ్యి కొండల లోయ’ అంటారు. సగం దారిలో డ్రమండ్ అనే చిన్న ఊరు. దానికి దగ్గర్లో రోడ్డు పక్క గట్టులో ఒక చిన్న గూడు. 1920లలో అయిదుసార్లు గెలిచిన ఆర్థర్ న్యూటన్ అలుపు తీర్చుకున్న చోటట. అటుగా వెళ్లే పరుగువీరులు ఓ పువ్వు పెట్టి ‘శుభోదయం ఆర్థర్’ అని సాగిపోతారు. మన ఘాట్‌రోడ్డు మొదట్లో అమ్మవారికి దణ్ణం పెట్టుకుని బండి ముందుకు పోనిచ్చినట్టే! ఆ పక్కనే గౌరవ కుడ్యం. రేసు పూర్తిచేసినవాళ్ల పేర్లతో ఫలకాలు బారులు తీరి ఉంటాయి.

ఆ గోడ దగ్గర ఆగి వెనక్కి చూస్తే... మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన తోటి సైనికుల జ్ఞాపకంగా రైలు ఇంజిన్ డ్రైవర్ విక్ క్లాఫమ్ ఈ పరుగు మొదలుపెట్టాడు. 1921 మే 24న 34 మంది బయల్దేరితే చివరికంటా చేరింది 16 మంది. అందరూ తెల్లవాళ్లే, మగవాళ్లే. విజేత బిల్ రోవన్‌కి పట్టిన సమయం 8 గంటల 59 నిమిషాలు.

1923లో ఫ్రాన్సెస్ హేవర్డ్ అనే మహిళ పేరు నమోదు చేసుకోబోతే కుదరదన్నారు. అయినా పరుగెత్తింది. 11 గంటల 35 నిమిషాల్లో చేరింది. పతకం లేదు. చూసినవాళ్లు, తోటి పరుగువీరులు చందాలేసుకుని వెండి టీ పాత్రలు బహుకరించారు. 1935లో రాబర్ట్ మ్‌చాలీ అనే నల్లజాతి యువకుడు కూడా అలాగే, నంబరు లేకుండా, సుమారు తొమ్మిదిన్నర గంటల్లో పూర్తిచేశాడు. ఫలితాల జాబితాలో ఇద్దరి పేర్లూ లేవు. ఆడవాళ్లకి, నల్లవాళ్లకి అధికారికంగా తలుపు తెరిచింది 1975లో. అంటే మొదలైన 54 ఏళ్లకి!

అసలు ఈ పరుగు జరిగే తేదీయే ఒక చరిత్ర. మొదట్లో మే 24, అంటే బ్రిటిష్ సామ్రాజ్య దినం. తర్వాత మే 31, తెల్లవాళ్ల రిపబ్లిక్ దినం. 1981లో రిపబ్లిక్ ఇరవయ్యేళ్ల ఉత్సవంలో ఈ రేసుని కూడా కలిపేస్తే, విద్యార్థి బ్రూస్ ఫోర్డైస్ నిరసనగా చేతికి నల్లపట్టీ కట్టుకుని పరుగెత్తాడు. జనం ఈసడించారు, టమాటాలు విసిరారు. గెలిచింది మాత్రం అతనే! మొత్తం తొమ్మిదిసార్లు గెలిచాడు. 1989లో శామ్ షబలాలా తొలి నల్లజాతి విజేత అయ్యాడు. మండేలా అధ్యక్షుడైన మర్నాటి ఏడాది నుంచి కొంతకాలం జూన్ 16న జరిపారు. 1976లో సొవెటో విద్యార్థులు తూటాలకి ఎదురెళ్లిన రోజు అది. జెండా మారినప్పుడల్లా పరుగు తేదీ కూడా మారిందన్నమాట.

ఆఖరి తుపాకీ

ఇంచాంగా కొండ, చివర్లో పాలీ షార్ట్స్ ఎక్కుడు... కాళ్లు మొండికేసే చోటు. అదీ దాటితే పీటర్‌మారిట్స్‌బర్గ్. 1893 జూన్ 7 రాత్రి మొదటి తరగతి టికెట్ చేతిలో ఉన్న ఇరవై మూడేళ్ల బారిస్టరు మోహన్‌దాస్ గాంధీని దించేసిన స్టేషన్ ఈ ఊళ్లోనే ఉంది. ఎర్ర ఇటుకల పాత భవనం. ప్లాట్‌ఫాం మీద ఒక ఫలకం. ఆయన చలికి వణుకుతూ తెల్లవార్లూ కూర్చున్నదీ ఇలాంటి జూన్ నెలలోనే. ఊరి నడిబొడ్డున 1993లో పెట్టిన విగ్రహం ఉంది.

సాయంత్రం కావస్తుంటే ముగింపు రేఖ దగ్గర జనం లేచి నిలబడతారు. ముందొచ్చినవాళ్ల కోసం కాదు, చివరివాళ్ల కోసం. పన్నెండు గంటలు నిండగానే ఒకాయన తుపాకీ పేల్చాలి. వచ్చేవాళ్లని చూస్తే మనసు కరుగుతుందని, పరుగువీరులకి వీపు తిప్పి నిలబడతాడు. ఒక్క క్షణం ఆలస్యమైనా పతకం లేదు. అందుకే అక్కడ ఒకరి భుజం ఒకరు పట్టుకుని వస్తారు. తూలిపోయే తెల్లాయన్ని ఇద్దరు నల్లవాళ్లు మోసుకొస్తుంటారు. రంగు ఎవరూ చూడరు, గడియారమే చూస్తారు.

2024లో గెర్డా స్టెయిన్ ఈ ఎగువదారిని 5 గంటల 49 నిమిషాల 46 సెకన్లలో ఎక్కేసింది. మహిళల రికార్డు. 1921లో దిగువదారిలో పరుగెత్తిన మొదటి మగ విజేత కన్నా మూడు గంటలకి పైగా తక్కువ! 2019 నుంచి, తొమ్మిది నుంచి పది గంటల మధ్యలో చేరినవాళ్లకి ఇచ్చే పతకానికి రాబర్ట్ మ్‌చాలీ పేరు పెట్టారు. 1935లో నంబరు లేకుండా పరుగెత్తిన ఆయన సమయం తొమ్మిదిన్నర గంటలు. ఇవాళ అదే పరుగు పెడితే ఆయన మెడలో పడేది ఆయన పేరున్న పతకమే. 11 గంటల 35 నిమిషాల్లో చేరిన ఫ్రాన్సెస్ హేవర్డ్‌కీ తుపాకీ పేలడానికి ఇంకా పాతిక నిమిషాలు మిగిలే ఉండేవి.